తామర ట్యూబు కథ: జాబితా అడుగున ఒక్క వాక్యం

డాక్టరు చీటీ లేకుండా అమ్మదగ్గ మందులకు దేశంలో ఒక జాబితా ఉండాలన్న మాట మళ్లీ పైకి వచ్చింది. దాంతో పాటే పాత తగాదా కూడా వచ్చింది. దురదకు ఒక ట్యూబు ఇవ్వడానికి కూడా చీటీ అడగాలా అని మందుల షాపులవాళ్లు అంటున్నారు. ఆ ట్యూబే కదా ఇంత దూరం తెచ్చింది అని చర్మ వైద్యులు అంటున్నారు. ఇద్దరూ పూత మందుల గురించే మాట్లాడుతున్నారు కానీ ఒకే ట్యూబు గురించి కాదు. ఆ తేడా తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

మరీ వెనక్కి అక్కర్లేదు. మెట్టతామర ఆకు నూరి పట్టించిన రోజులు, జాలిమ్ లోషన్ రాసుకుని విసనకర్రతో విసురుకుంటూ గంతులేసిన రోజులు చాలా ఇళ్లలో ఇంకా గుర్తే. ఆ మందులు మండేవి, చర్మాన్ని పొట్టులా ఊడగొట్టేవి, అందులో తామర కూడా కొంత ఊడేది. అక్కడితో ఆ కథ వదిలేసి 2006కు వద్దాం. నా లెక్కలో అసలు మలుపు అదే.

ఔషధ నియమావళి 1945 నాటిది. అందులో చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల పట్టిక షెడ్యూల్ హెచ్. 2006లో దాన్ని 536 మందులతో తిరగరాశారు. జాబితా అడుగున చిన్న నోటు పెట్టారు. ఈ మందులతో చేసిన ఉత్పత్తులన్నిటికీ ఇదే నియమం వర్తిస్తుంది, పైపూతకు వాడేవి తప్ప అని దాని సారాంశం. కంటికి, చెవికి, ముక్కుకు వేసేవాటికి మాత్రం ఆ మినహాయింపు లేదు.

చదివితే సబబుగానే ఉంటుంది. మింగేది ప్రమాదం, పైన రాసుకునేదానికి ఏముంది అనుకుంటాం. కానీ అదే జాబితాలో ‘సి’ అక్షరం దగ్గర క్లోబెటసాల్ ప్రొపియోనేట్ ఉంది. అది మింగే మందు కాదు, సూదిమందు కాదు, దాని బతుకంతా ఆయింట్‌మెంట్లు, క్రీములు, తలకు రాసే లోషన్లలోనే. చర్మం మీద రాసే స్టెరాయిడ్లలో, అంటే ఎరుపు, వాపు, దురద అణిచే మందుల్లో, అన్నిటికంటే బలమైన తరగతికి చెందింది. తేలికపాటి స్టెరాయిడ్ హైడ్రోకార్టిసోన్‌తో పోలిస్తే వందల రెట్లు. అంటే చీటీ కావాల్సిన మందుల్లో దాని పేరు రాసి, అడుగున ఒక్క వాక్యంతో దాన్ని మొత్తంగా బయటికి పంపించేశారన్నమాట. పెళ్లిపిలుపు ఇచ్చి గుమ్మం దగ్గర తలుపు వేసినట్టు. కంట్లో వేసే స్టెరాయిడ్ చుక్కకు చీటీ ఉండాలి, చెంప మీద రాసే స్టెరాయిడ్‌కు అక్కర్లేదు. పన్నెండేళ్లు ఇలాగే నడిచింది.

ఆ పన్నెండేళ్లలో ఏం జరిగిందో చెప్పేముందు ఒక చిన్న ప్రయోగం. పూత స్టెరాయిడ్ ఎంత బలమైనదో తెలుసుకోవడానికి 1962లో మెకెంజీ, స్టౌటన్ అనే ఇద్దరు ఒక పద్ధతి చూపించారు. ముంజేతి మీద మందు చుక్క పెడతారు, కొన్ని గంటల తర్వాత చూస్తారు. కింది సన్నటి రక్తనాళాలు ముడుచుకుని అక్కడ చర్మం పాలిపోతుంది. ఎంత పాలిపోతే మందు అంత బలమైనది. ఇప్పటికీ కొలత ఇంచుమించు అదే.

మన దగ్గర ఆ పాలిపోవడమే సరుకైంది. ముఖానికి రాసుకుంటే వారంలో రంగు తేలుతుంది, మొటిమ ఎరుపు తగ్గుతుంది, పెళ్లిచూపులకు సరిపోతుంది. మంగు మచ్చలకు వాడే మూడు మందుల మిశ్రమం కథ కూడా అలాంటిదే. 1975లో అమెరికాలో క్లిగ్‌మన్, విల్లిస్ చెప్పిన సూత్రం అది: హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, వాటి చురుకు తగ్గించడానికి ఒక స్టెరాయిడ్. కొన్ని వారాలు, మచ్చ మీద మాత్రమే, వైద్యుడు చూస్తుండగా వాడాల్సిన మందు. మన మార్కెట్లో స్టెరాయిడ్ మోమెటసోన్‌గా మారి ఇది ముఖమంతా రాసుకునే క్రీమైంది. స్నో, పౌడరు పక్కనే అలమరాలో చేరింది. (ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలో అడుగుపెట్టింది కూడా 1975లోనే. యాదృచ్ఛికమే, కానీ గుర్తుండిపోయే యాదృచ్ఛికం.)

దీన్ని అంకెల్లో పెట్టింది 2011లో అచ్చయిన ఒక అధ్యయనం. లక్నో వైద్యుడు అబీర్ సరస్వత్ ముందుండి నడిపించారు, దేశంలో 12 కేంద్రాలు పాల్గొన్నాయి. ముఖం మీద చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని అడిగితే 433 మంది అప్పటికే ముఖానికి స్టెరాయిడ్ రాసుకుంటున్నారు. వారిలో 257 మందికి ఆ మందు చెప్పింది డాక్టరు కాదు: చుట్టాలు, స్నేహితులు, బ్యూటీపార్లరు, షాపువాళ్లు. మిగిలిన 176 మందికి డాక్టర్లే రాశారు, అందులో 78 మంది చర్మ వైద్యులు కారు. మిగతా 98 చీటీలు ఎవరివో లెక్క కట్టడం కష్టం కాదు. చర్మ వైద్యుల సంఘం ఈ అంకెను సభల్లో పెద్దగా ఎత్తదు. అయితే ఈ అధ్యయనాన్ని అచ్చువేసింది కూడా వాళ్లే, దాచలేదు. ఆ తర్వాత అదే సంఘం స్టెరాయిడ్ దుర్వినియోగం మీద ప్రత్యేక దళం పెట్టింది. మానితే మండిపోయి, రాస్తే పలచబడే ఆ ముఖానికి కోల్‌కతా వైద్యుడు కౌశిక్ లాహిరి, సహచరుడు కలిసి ‘స్టెరాయిడ్ చెడగొట్టిన ముఖం’ అన్న అర్థంలో ఒక పేరే పెట్టారు.

ముఖం సంగతి అలా ఉంటే నడుం కింద ఇంకో కథ నడిచింది. ఇవాళ్టి తగాదాకు అసలు మూలం అక్కడుంది.

ఒక పాత ట్యూబు చేతిలోకి తీసుకోండి. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఏదో ‘డెర్మ్’ పేరు. వెనక్కి తిప్పితే, కన్ను దగ్గరగా పెడితే తప్ప కనపడని అక్షరాల్లో నాలుగు పేర్లు: క్లోబెటసాల్ ప్రొపియోనేట్ 0.05 శాతం, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినఫిన్. ఒకటి స్టెరాయిడ్, ఒకటి బ్యాక్టీరియాకు, ఒకటి అమీబా లాంటి పరాన్నజీవులకు, చివరిది ఫంగస్‌కు. గజ్జల్లో తామరకు అమీబా మందు ఎందుకో ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు. రోగం ఏదో తేల్చలేనివాడికి ఇది చక్కటి మందు. ఏదో ఒకటి తగలకపోతుందా అని నాలుగు రాళ్లూ ఒకేసారి విసరడం.

రాసుకున్నవాడికి ఏం జరుగుతుందంటే, రెండోరోజుకే దురద పోతుంది. అది స్టెరాయిడ్ పని. తామరను మనం గుర్తుపట్టేది అంచున ఎర్రగా లేచే వలయాన్ని బట్టి. ఆ ఎరుపు ఒంటి ప్రతిఘటన, ఫంగస్ మీద శరీరం చేసే గొడవ. స్టెరాయిడ్ ఆ గొడవను ఆపుతుంది, ఫంగస్‌ను కాదు. వలయం చెదిరిపోతుంది, ఫంగస్ తాపీగా పాకుతుంది. తగ్గిందనుకుని ట్యూబు ఆపుతాడు, వారానికి రెట్టింపై వస్తుంది, ఇంకో ట్యూబు. ఇలా ముసుగేసుకున్న తామరకు వైద్యులు 1968లోనే ‘టినియా ఇన్‌కాగ్నిటో’ అని పేరు పెట్టారు. పైన వలయం, లోపల ఇంకో వలయం, పట్నం రింగురోడ్డులా తేలడం దీని మరో వేషం. కొన్ని నెలలకు తొడల లోపలి వైపు, చంకల్లో పురిటి చారల్లాంటి గీతలు పడతాయి. పెళ్లికాని కుర్రాడికి పురిటి చారలు. తామర ఎప్పటికైనా పోతుంది, అవి పోవు. ఇంట్లో ఒకే తువ్వాలు వాడే నలుగురికీ అంటుకుంటుంది. చంటిబిడ్డ తొడకు అదే ట్యూబు రాస్తే మందు ఒంట్లోకి దిగి ముఖం ఉబ్బిన కేసులు కూడా వైద్య పత్రికల్లో ఉన్నాయి.

ఈలోగా ఫంగస్ కూడా మారింది. మన దేశంలో పాతుకుపోయిన ఒక రకానికి 2020లో జపాన్ పరిశోధకులు ‘ట్రైకోఫైటన్ ఇండోటినే’ అని పేరు పెట్టారు. పేరులోనే మన దేశం ఉంది. దీనిలో చాలా నమూనాలు టెర్బినఫిన్‌కు లొంగవు. ఒకప్పుడు 250 మిల్లీగ్రాముల మాత్రలు కొన్ని వారాలు వేసుకుంటే తీరిపోయిన జబ్బుకు ఇప్పుడు ఇంకో ఫంగస్ మందు ఇట్రాకొనజోల్ నెలల తరబడి రాస్తున్నారు. 2023 మేలో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ న్యూయార్క్‌లో రెండు కేసులు ప్రకటించింది. ఒకామె దేశం దాటి వెళ్లనేలేదు. రెండో ఆమె బంగ్లాదేశ్ వెళ్లొచ్చింది. నాలుగు మందుల ట్యూబులు సగం సగం వాడటమే ఈ ఫంగస్‌ను మొండిదాన్ని చేసిందని మన వైద్యుల్లో చాలామంది నమ్మకం. అదొక్కటే కారణమని ఎవరూ అనడం లేదు.

ప్రభుత్వం రెండు దారుల్లో కదిలింది. ఒక దారి ఇలా పలు మందులు ఒకటిగా కలిపి అమ్మే మిశ్రమాల నిషేధం. 2016 మార్చి 10న 344 మిశ్రమాలను ఒక్క వేటుతో ఆపారు. చట్టప్రకారం ఉన్న సలహా మండలిని అడగలేదని కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్తే డిసెంబరు 1న కోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టు మండలికి పంపింది, మండలి చూసింది, 2018 సెప్టెంబరులో 328 మళ్లీ నిషేధమయ్యాయి. ఆ వారం పత్రికల శీర్షికల్లో తలనొప్పి మాత్ర సారిడాన్ పక్కన పూత ట్యూబు పాండెర్మ్ పేరు కూడా కనిపించింది. రెండున్నరేళ్లు కోర్టుల్లో గడిచాయి, ట్యూబులు షాపుల్లో గడిచాయి.

రెండో దారి షెడ్యూల్ హెచ్ అడుగున ఉన్న ఆ నోటు. 2018 మార్చి 23న గెజిట్ ప్రకటన వచ్చింది. 14 స్టెరాయిడ్ పూతలకు ఆ మినహాయింపు చెల్లదని దాని సారం. నిషేధానికి వచ్చినంత హడావిడి దీనికి రాలేదు. నా దృష్టిలో పెద్ద వార్త ఇదే. అయితే ఇంకా గట్టి కట్టడి ఉన్న షెడ్యూల్ హెచ్‌1 పట్టిక మందులకు లాగా వీటికి షాపులో విడిగా రిజిస్టరు రాసి మూడేళ్లు దాచే పని లేదు. ట్యూబు మీద చీటీ మందు అని చెప్పే ఎర్రగీత వచ్చింది, అంతే.

షాపులవాళ్ల మాట కూడా ఉంది. మండల కేంద్రంలో చర్మ డాక్టరు ఉండడు, జిల్లా కేంద్రానికి పోతే ఒక రోజు కూలి, ఫీజు, బస్సు ఛార్జీ. ఆర్‌ఎంపీ రాసిన తెల్లకాగితాన్ని చీటీ కాదంటే పక్క షాపుకు పోతాడు. కంపెనీ తయారుచేస్తుంది, ప్రతినిధి వచ్చి స్కీము చెబుతాడు, చివర్న ఇన్‌స్పెక్టరు తనిఖీకి వచ్చేది మా దగ్గరికా అంటారు.

ఇప్పుడు అందరూ తీస్తున్న కాగితం 2022 మేలో కేంద్ర ఆరోగ్య శాఖ పెట్టిన ముసాయిదా. చీటీ లేకుండా అమ్మవచ్చని 16 మందులు చూపించింది. అందులో చర్మం, జుట్టు తాలూకువి ఉన్నాయి: ఫంగస్‌కు రాసే క్లోట్రిమజోల్ క్రీము, పౌడరు, చుండ్రుకు వాడే కీటోకొనజోల్ షాంపూ, మొటిమలకు బెంజాయిల్ పెరాక్సైడ్, కాలమిన్ లోషన్. స్టెరాయిడ్ ఒక్కటీ లేదు. దీనిమీద చర్మ వైద్యులకు తగాదా పెట్టుకోవాల్సినంత ఏమీ లేదు. ఉంటే ఒకచోటే ఉండాలి: వాడకం ఐదు రోజులు దాటకూడదని అందులో షరతు. తామరకు క్లోట్రిమజోల్ రెండు నుంచి నాలుగు వారాలు, మచ్చ కనపడకుండా పోయాక కూడా కొన్నాళ్లు రాయాలి. ఐదో రోజుకు దురద పూర్తిగా తగ్గదు. స్టెరాయిడ్ రుచి చూసినవాడికి ఇది పనిచేయని మందు అనిపిస్తుంది.

కోస్తాలో ఒక చిన్న ఊరి మెడికల్ షాపు. సాయంత్రం. ఒక కుర్రాడు కౌంటరు మీద చివరిదాకా చుట్టేసిన ఖాళీ ట్యూబు పెట్టాడు.

“బాబాయ్, ఇదే ఇంకోటి ఇయ్యి.”

“అది వద్దురా, ఇది వాడు.” క్లోట్రిమజోల్ తీసి ముందు పెట్టాడాయన.

“అది పన్చెయ్యట్లేదు బాబాయ్. ఇదైతే రెండ్రోజుల్లో కొడద్ది.”

ఆయన ఒక క్షణం ఆగి, లోపలి అరలోంచి ఎర్రగీత ఉన్నది తీసి కవరులో వేశాడు.