సాంచెల చప్పుడు: అపోహలు - వాస్తవాలు

సిరిసిల్లలో సాంచెలు బిగించడం, బాగుచేయడం నా పని. ఇరవై ఆరేళ్లుగా ఇదే చేస్తున్నా. తెలియనివారి కోసం చెప్తున్నా, మరమగ్గాన్ని మా ఊళ్లో సాంచె అంటాం. 2016లో సిరిసిల్ల జిల్లా కేంద్రం అయ్యాక ఆఫీసులు వచ్చాయి, ఉద్యోగులు వచ్చారు, కార్ఖానాల పక్కనే ఇళ్లు కిరాయికి తీసుకున్నారు. అప్పటి నుంచి నాకు ఒక కొత్త రకం ఫోన్ వస్తోంది. "అన్నా, పక్కింటి సారు కంప్లైంట్ పెడతా అంటున్నాడు, ఒకసారి వచ్చి చూడు." పోతే రెండు వైపుల మాటలూ వినాల్సి వస్తుంది. అందులో నిజం కానివి చాలా ఉంటాయి.

అపోహ: "మేం ముప్పై ఏళ్ల నుంచి నడుపుతున్నాం. నిన్నగాక మొన్న వచ్చినోళ్లకు అడిగే హక్కు లేదు."

ఇది మా ఆసాములు, అంటే సాంచెల కార్ఖానా నడిపేవాళ్లు, ఎక్కువగా అనే మాట. వాళ్ల బాధ నాకు తెలుసు కానీ మాట తప్పు. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు 2000లో వచ్చాయి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. పారిశ్రామిక ప్రాంతంలో పగలు 75, రాత్రి 70. రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు వరకు. ఎవరు ముందొచ్చారు, ఎవరు వెనకొచ్చారు అన్న లెక్క అందులో ఎక్కడా లేదు. ఇంగ్లండ్‌లో 1879లోనే ఇలాంటి కేసు ఒకటి తేలింది. ఒక మిఠాయి వ్యాపారి ఇరవై ఏళ్లకు పైగా రోళ్లలో దంచుతూ వచ్చాడు. పక్కనున్న డాక్టర్ తన తోట చివర గది కట్టుకుని, రోగులను చూడలేకపోతున్నానని కోర్టుకెక్కాడు. కోర్టు డాక్టర్ పక్షానే నిలిచింది.

అపోహ: "ఫోన్ యాప్‌లో 80 చూపించింది. కంప్లైంట్ ఇస్తే రేపటికి బంద్."

ఇది కొత్తగా వచ్చినవాళ్లు నమ్మే మాట. ఫోన్ మైకు కొలతకు చేసింది కాదు, దాని అంకెను సాక్ష్యంగా పట్టుకుని పోలేం. పైగా నిబంధనల్లో ఉన్న పరిమితి ఒక్క క్షణం వినిపించిన పెద్ద చప్పుడుకు కాదు, కొంతసేపటి సగటుకు. పరిమితిని 10 డెసిబెల్స్ గానీ అంతకు మించి గానీ దాటినా, రాత్రి వేళ ఆంక్షలను ఉల్లంఘించినా ఫిర్యాదు చేయవచ్చు. అది జిల్లా మేజిస్ట్రేట్ దగ్గరికి, లేదా అధికారం ఇచ్చిన డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి దగ్గరికి వెళ్తుంది. ఇల్లూ కార్ఖానా కలిసిపోయిన మా వాడల్లాంటి చోట, అది ఏ కోవ కిందికి వస్తుందన్నది కూడా తేలాలి.

ఇక నన్ను అన్నిటికంటే ఎక్కువ బాధపెట్టే మాటకు వస్తా.

అపోహ: "సాంచె అన్నాక చప్పుడు తప్పదు. తగ్గించడం ఎవరి వల్లా కాదు."

చప్పుడు లేకుండా సాంచె నడవదు, నిజమే. అడ్డం నూలును అటూ ఇటూ మోసుకుపోయేదాన్ని నాడె అంటాం. నిమిషానికి నూరుసార్లకు పైగా ఆ నాడెను ఒక పక్క నుంచి కొట్టి, ఇంకో పక్క ఆపాలి. కానీ నేను విప్పి చూసిన సాంచెల్లో సగం లొల్లి అరుగుదల వల్ల, వదులు వల్ల వచ్చేదే. నాడె వచ్చి ఆగే చోట తోలు, రబ్బరు అరిగిపోతే అది గట్టి మీద గట్టి కొట్టినట్టు మోగుతుంది. గ్రీజు లేని చక్రాల పళ్లు గీరుకుంటాయి.

నిరుడు ఒక ఇంటికి పోయాను. కిరాయికున్న దంపతులకు నాలుగు నెలల పసిబిడ్డ. ఆ మేడమ్ నన్ను పడకగదిలోకి తీసుకుపోయి కిటికీ గట్టు మీద నీళ్ల గ్లాసు పెట్టింది. నీళ్ల మీద సన్నటి వలయాలు ఆగకుండా పుడుతున్నాయి. గోడ మీద అరచేయి పెడితే జివ్వున తగిలింది. అవతల కార్ఖానాలో చూస్తే, గోడ పక్కనున్న రెండు సాంచెల కాళ్ల బోల్టులు ఊడిపోయేలా ఉన్నాయి, కింద సిమెంటు పొడి అయిపోయింది, నూలు చుట్టిన బీముల స్టాండు గోడకు ఆనుకుని ఉంది. అంటే వాళ్లను నిద్రపోనివ్వనిది గాలిలో వచ్చే చప్పుడొక్కటే కాదు, గోడలో నుంచి పోయే అదురు కూడా.

ఆసామి అప్పటికే దిగులుగా ఉన్నాడు. "సారూ, సగం సాంచెలు ఆపేస్తా, కేసు మాత్రం వద్దు" అని బతిమాలుతున్నాడు. నేను వద్దన్నాను. ఒకే రకం సాంచెలు ఎనిమిదిట్లో నాలుగు ఆపితే తగ్గేది 3 డెసిబెల్స్. చెవికి తేడా అంతగా తెలియదు, నాలుగు సాంచెల కూలి మాత్రం పోతుంది. మీటర్ల లెక్కన కూలి తీసుకునే మనిషికి అది ఇంట్లో బియ్యం లెక్క. స్టాండును జానెడు జరిపాం, నేల మళ్లీ పోసి బోల్టులు బిగించాం, కాళ్ల కింద మందపాటి రబ్బరు వేశాం, అరిగిన తోలు మార్చాం. గోడ పక్క రెండూ రాత్రి పదికి ఆపాలని, మిగతావి నడపాలని ఇద్దరూ ఒప్పుకున్నారు. రెండు రోజుల పని. వారం తర్వాత ఆ మేడమ్ గ్లాసు వీడియో పంపింది, నీళ్లు కదలడం లేదు.

అందరి ఇంట్లో ఇంత బాగా కుదరదు. వెంటిలేటర్లు ఎదురెదురుగా ఉంటే చప్పుడు నేరుగా వచ్చి పడుతుంది, వాటిని మూసేస్తే లోపలున్నవాళ్లు ఉక్కపోతకు తట్టుకోలేరు. అక్కడ నా దగ్గర మంచి జవాబు లేదు.

కొత్తవాళ్లకు ఒక మాట చెప్పాలి. సాంచెలు ఆగితే ఊరు ప్రశాంతంగా ఉంటుందని మీరు అనుకోవచ్చు. ఆర్డర్లు లేక వాడంతా నిశ్శబ్దమైన రోజులు మేం చూశాం. ఆ నిశ్శబ్దంలో ఎవరికీ నిద్ర పట్టలేదు.

అపోహ: "మాకు అలవాటైంది. మా చెవులకేం కాదు."

చెవి అలవాటు పడదు, దెబ్బతింటుంది. లోపలి సన్నటి కణాలు చనిపోతే మళ్లీ పుట్టవు. ఫ్యాక్టరీల నిబంధనల ప్రకారం 90 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలకు మించి ఉండకూడదు. మావాళ్లు పన్నెండు గంటలు సాంచెల మధ్యే నిలబడతారు. పక్కింటి సారు వినేది గోడ దాటి వచ్చిన చప్పుడు, సాంచె నడిపేవాళ్లకు అడ్డం ఏదీ ఉండదు. దూది పెట్టుకుంటే చాలనుకుంటారు. దూది పెద్దగా ఆపదు, ఫోమ్ ఇయర్‌ప్లగ్‌లు ఆపుతాయి. అవి పెట్టుకున్నా సాంచె తేడా కొడితే వినపడుతుంది, నేను పెట్టుకునే పని చేస్తున్నా.

మా బాపు నలభై ఏళ్లు సాంచెలు నడిపాడు. మనవరాలు ఫోన్ చేస్తే నాలుగు సార్లు "ఆఁ, ఆఁ" అని, ఫోన్ మా అవ్వ చేతికిచ్చి బయటికి పోయేవాడు. ఆయనకు మాట్లాడటం ఇష్టం లేదని చాలా ఏళ్లు అనుకున్నాం. చెవి డాక్టర్ దగ్గర ఆడియోమెట్రీ పరీక్ష చేయించాకే తెలిసింది, పిల్ల గొంతులాంటి సన్నని శబ్దాలే ఆయనకు ముందుగా పోయాయని.