కాపరి పిలుపూ, పిల్ల జవాబూ

16వ శతాబ్దపు ఇంగ్లీషు కవి క్రిస్టఫర్ మార్లో రాసిన కాపరి పాటనూ, దానికి పిల్ల గొంతుతో వాల్టర్ రాలీ రాసిన జవాబునూ ఇంగ్లీషు పాఠాల్లో జంటగా చెప్తారు. కాపరి తనతో రమ్మంటాడు, పిల్ల రానంటుంది, అక్కడితో పాఠం అయిపోతుంది. నిజానికి అంతకుముందు కాపరుల కవిత్వంలో ఇలా పిల్ల నోరు విప్పడమే అరుదు.

క్రీస్తుపూర్వం 3వ శతాబ్దపు గ్రీకు కవి థియోక్రిటస్ దగ్గరే ఈ వరస మొదలు. పల్లె బతుకు మీద ఆయన రాసిన చిన్న కవితల్లో ఒకటైన 11వ ఇడిల్‌లో ఒంటికన్ను రాక్షసుడు పాలిఫీమస్ సముద్రకన్య గలాటియాకు తన ఆస్తి ఏకరువు పెడతాడు: వెయ్యి పశువులు, ఏడాది పొడుగునా చీజ్, 11 జింకపిల్లలు, 4 ఎలుగుబంటి కూనలు. ఆమె పలకదు.

1579లో ఎడ్మండ్ స్పెన్సర్ ఈ సరుకును ఇంగ్లీషులోకి దించాడు. ‘షెపర్డ్స్ క్యాలెండర్’లో నెలకొకటి చొప్పున 12 కవితలు. జనవరిలో కాపరి కోలిన్ క్లౌట్ చలికి బక్కచిక్కిన మందను చూస్తూ రోజలిండ్ కోసం కుములుతాడు. ఇక్కడ వన్‌సైడ్ లవ్ ఒకటి కాదు, గొలుసుకట్టు. కోలిన్ మీద మనసుపడ్డ ఇంకో కాపరి హాబినాల్ మేకపిల్లలు, తొలికాపు పళ్లు పంపుతాడు. కోలిన్ వాటిని రోజలిండ్‌కు ఇచ్చేస్తాడు. ఆమె అతని పాటలు విని నవ్వుతుంది. కోలిన్ పిల్లనగ్రోవి విరగ్గొడతాడు. జూన్‌కల్లా ఆమె మెనాల్కస్ అనే వేరే కాపరి వైపు వెళ్లిందని మనకు తెలిసేది కూడా కోలిన్ నోటే. పన్నెండు నెలల్లో ఆమె ఒక్కసారీ మన ముందుకు రాదు.

మార్లో 1593లో చనిపోయాడు. అతని కాపరి పాట 1599లో నాలుగు చరణాలతో అచ్చయింది, కింద జవాబు ఒకే చరణం. 1600లో ‘ఇంగ్లండ్స్ హెలికాన్’ అనే కవితా సంకలనం రెంటినీ ఆరేసి చరణాలతో వేసింది. ఆ జవాబు రాసింది రాలీ అని 1653లో రచయిత ఐజక్ వాల్టన్ చెప్పాడు.

జవాబు పనితనమంతా కొలతలోనే ఉంది. అదే ఛందస్సు, అవే జంట ప్రాసలు. కాపరి ఇస్తానన్న గులాబీల పక్క, పూల టోపీ, ఉన్ని గౌను, బంగారు బకిల్స్ చెప్పులు పిల్ల వరసగా ఎత్తి పక్కన పెడుతుంది. గొర్రెలు కాసేవాడికి బంగారం, పగడాలు ఎక్కడివని మాత్రం అడగదు. ఆమె పట్టుకున్నది వేరే లోపం: అతని పాటలో ఎప్పుడూ మే నెలే. ఆమె చలికాలాన్ని తెస్తుంది. మందలు దొడ్డికి చేరతాయి, ఏరు పోటెత్తుతుంది, నైటింగేల్ పిట్ట మూగబోతుంది.

దీన్ని ముఖం మీద తలుపేయడంగా చదివితే పొరపాటే. మొదటి చరణమూ చివరి చరణమూ ‘అయితే’ మీద నిలబడ్డవి: లోకమూ వలపూ లేతగానే ఉండిపోతే, వయసు నిలిచేదైతే వచ్చేదాన్నే అంటుంది. ఆ గొంతు రాసిందీ మగవాడేననుకోండి.

షేక్స్‌పియర్ ‘యాజ్ యూ లైక్ ఇట్’లో కాపరి పిల్ల ఫీబీ ఇంకాస్త కరుకు. నీ చూపే చంపుతోందంటాడు ఆమెను వలచిన కాపరి సిల్వియస్. సూదితో గీరినా గీత పడుతుంది, నా కన్ను చేసిన గాయమేదీ, చూపించు అంటుంది. కాసేపటికి మగవేషంలో ఉన్న ఇంకో రోజలిండ్‌ను వలచి, మార్లో పాదమే వల్లిస్తుంది.

1681లో అచ్చయిన ఆండ్రూ మార్వెల్ కవితలో గడ్డి కోసే డామన్ జూలియానా ధ్యాసలో కొడవలితో తన చీలమండే కోసుకుంటాడు. ఆ కోతకు ఆకుపసరు ఉంది, జూలియానా కళ్లు చేసినదానికి లేదంటాడు.

1714లో జాన్ గే ‘షెపర్డ్స్ వీక్’తో ఇదంతా నవ్వులాటైంది. బంకినెట్ వదిలేసిన స్పారబెల్లా చచ్చిపోతానని బయల్దేరుతుంది. ఏ చావూ తన పరువుకు తగినట్టు తోచదు. ఈలోగా చీకటి పడుతుంది. రేపు చూద్దాంలే అనుకుంటుంది.