వెదర్ వేరు, క్లైమేట్ వేరు

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి చెన్నై నుంచి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్లో "ఇవాళ హైదరాబాద్‌లో క్లైమేట్ భలే ఉంది తాతయ్యా" అన్నావు బుజ్జీ. మన ఇళ్లల్లో చాలామంది అలాగే అంటారు. కానీ అక్కడ అనాల్సింది వెదర్. తెలుగులో రెండిటినీ వాతావరణం అనేస్తాం కాబట్టి తేడా తోచదు. పాఠ్యపుస్తకాల్లో మాత్రం క్లైమేట్‌ని శీతోష్ణస్థితి అంటారు.

పొద్దున ఎండ, సాయంత్రం జల్లు, రేపు ఉక్కపోత, ఇదంతా వెదర్. ఒక ఊళ్లో ఎండావానా ఏళ్ల తరబడి ఎలా ఉంటూ వస్తున్నాయో అది క్లైమేట్. దానికి 30 ఏళ్ల సగటు తీస్తారు.

ఆ సగటు ఊరికే రాదర్రా. మా నుంగంబాక్కంలో వాతావరణ కేంద్రం ఉంది. అలాంటి చోట్ల ఉదయం 8.30కి వానమాపకంలో చేరిన నీళ్లని సన్నటి కొలగ్లాసులో పోసి, కంటికి ఎదురుగా పట్టుకుని, ఎన్ని మిల్లీమీటర్లో రాసుకుంటారు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద లీటరు నీళ్లు. ఆ ఒక్క అంకె ఆ రోజు వెదర్. అలాంటి అంకెలు వేలకొద్దీ పోగైతేనే చెన్నైకి ఏటా సుమారు 1400 మిల్లీమీటర్ల వాన పడుతుందనీ, అందులో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురుస్తుందనీ చెప్పగలిగేది. మీకు జూన్‌లో మొదలయ్యే నైరుతి గాలిలోని తేమ మా దాకా రాకముందే చాలావరకు పశ్చిమ కనుమల మీద కురిసిపోతుంది. అక్టోబరులో గాలి మళ్లి బంగాళాఖాతం మీంచి వీస్తే అప్పుడు మాకు అసలు వానాకాలం.

2015 డిసెంబరు 1న మొదలైన వాన ఒక్క రోజులో మా చెన్నై శివారు తాంబరంలో సుమారు 490 మిల్లీమీటర్లు కురిసింది, అడయారు నది పొంగి ఇళ్లలోకి వచ్చింది. 2019లో మాకు తాగునీరిచ్చే పుళల్, చెంబరంబాక్కం చెరువులు ఎండిపోయి జోలార్‌పేట నుంచి రైల్లో నీళ్లు తెచ్చారు. ఊరు అదే. ఏ ఒక్క ఏడాదినీ చూసి ఇక్కడి క్లైమేట్ ఇదీ అనలేం.

జనవరిలో ఓ పూట చలేస్తే "భూమి వేడెక్కుతోందన్నారు, ఏదీ?" అనే పెద్దలు మీకూ తగులుతారు. ఆ చలి వెదర్. 1850-1900 నాటితో పోలిస్తే భూమి సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీకి పైగా పెరగడం క్లైమేట్. పెద్దవాళ్లు కదా అని ఊరుకోకుండా మర్యాదగానే, గట్టిగా చెప్పండి.

దీపావళికి వస్తున్నారుగా, గొడుగులు మరిచిపోవద్దు. ఆ మాట ఇక్కడి క్లైమేట్‌ని బట్టి ఇప్పుడే చెప్పగలను. టపాసులు ఏ పూట మేడ మీద ఎండబెట్టాలో మాత్రం ఆ రోజు వెదర్ చూసి చెబుతాను.

ఇట్లు,
మీ తాతయ్య