టెక్సాస్‌లో పన్ను లేదనుకునే వారికి రెండో ఏడు వచ్చే ఉత్తరం

డల్లాస్ శివార్లలో టాక్స్ రిటర్నులు తయారుచేసే నాకు ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో తప్పకుండా వినబడే మాట ఒకటుంది: "ఇక్కడ స్టేట్ టాక్స్ లేదు కదండీ, ఆ డబ్బంతా మిగిలినట్టే కదా!" కాలిఫోర్నియా నుంచి సామాను దింపుకుని నెల కూడా కాకముందే ఆ మిగులును లెక్కలో వేసుకుని ఇల్లు కొనేసిన వారే ఎక్కువ.

అపోహ: ఆదాయపు పన్ను లేదు కనుక బతుకు చవక.

వాస్తవం: ఆదాయపు పన్ను లేదన్నది నిజమే, 2019లో ఓటర్లు దాన్ని రాష్ట్ర రాజ్యాంగంలోనే నిషేధించారు. అయితే బడులకూ ఊళ్లకూ కావలసిన సొమ్ములో పెద్ద భాగం ఇంటి మీద పడుతుంది. స్కూల్ డిస్ట్రిక్ట్, కౌంటీ, సిటీ, కొత్త కాలనీ అయితే అక్కడి నీళ్లు, డ్రైనేజీ చూసే మడ్ అనే స్థానిక సంస్థ, ఎవరి రేటు వారు వేయగా మొత్తం చాలాచోట్ల ఇంటి విలువలో 2 శాతానికి అటూ ఇటూగా తేలుతుంది. ఇద్దరూ కలిసి 2 లక్షల డాలర్లు సంపాదించే జంట కాలిఫోర్నియాకు కట్టే ఆదాయపు పన్ను సుమారు 10 వేల పైచిలుకు; ఇక్కడ 6 లక్షల ఇంటికి 2 శాతమంటే, మినహాయింపులకు ముందు, 12 వేలు. ఉద్యోగం పోతే ఆదాయపు పన్ను ఆగుతుంది, ఇంటి పన్ను ఆగదు.

అసలు దెబ్బ కొత్త ఇల్లు కొన్నవారికి రెండో ఏడు తగులుతుంది. జనవరి 1న ఉన్న స్థితిని బట్టి విలువ కడతారు కాబట్టి, ఆనాటికి ఖాళీ స్థలంగా ఉన్నచోట మార్చిలో ఇల్లు పూర్తయితే మొదటి ఏడాది పన్ను స్థలానికే వస్తుంది, ఎస్క్రో (ఇంటి పన్ను, బీమా కోసం నెల కిస్తీతో పాటు లోన్ ఇచ్చినవారు వసూలు చేసే సొమ్ము) కూడా ఆ చిన్న మొత్తం మీదే కుదురుతుంది. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి వచ్చిన ఒక జంటకు మరుసటి ఏడాది ఎస్క్రో ఉత్తరం వచ్చింది: పెరిగిన పన్నూ, పాత లోటూ కలిపి నెల కిస్తీ మీద 1,500 డాలర్లకు పైగా అదనం. రాత్రి పదింటికి ఫోన్ చేసి ఆ అమ్మాయి ఏడుస్తుంటే నాకు ఆ ఇద్దరి మీద కోపం రాలేదు; "మీకు భలే ఆదా" అని వాట్సాప్‌లో ఊదరగొట్టిన వారి మీద వచ్చింది. కొనే ముందే పూర్తి ఇంటి విలువ మీద లెక్క అడగండి, ఇంట్లో చేరగానే, సొంతంగా ఉండే ఇంటికి పన్ను తగ్గించే హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్‌కు దరఖాస్తు చేయండి, విలువ ఎక్కువనిపిస్తే సాధారణంగా మే 15 లోపు ప్రొటెస్ట్ (అభ్యంతరం) దాఖలు చేయండి.

అపోహ: రాష్ట్రం మారగానే కాలిఫోర్నియాతో లెక్క తీరిపోతుంది.

వాస్తవం: అక్కడ పనిచేస్తుండగా కంపెనీ షేర్ల రూపంలో ఇచ్చిన ఆర్‌ఎస్‌యూలు ఇక్కడికి వచ్చాక వెస్ట్ అయినా (మీ సొంతమైనా), అక్కడ పనిచేసిన రోజుల వంతు పన్ను కాలిఫోర్నియాకే పోతుంది.

అపోహ: ఇంటి ఇన్సూరెన్స్ ఎక్కడైనా ఒకటే.

వాస్తవం: ఇక్కడ వడగళ్లు రూఫును వదలవు, వాటికి డిడక్టిబుల్ (నష్టంలో ముందుగా మనమే భరించాల్సిన భాగం) తరచుగా ఇంటి బీమా మొత్తంలో 1 లేదా 2 శాతంగా ఉంటుంది. 5 లక్షల బీమాకు 2 శాతమంటే మొదటి 10 వేలు మీవే.

అపోహ: పెద్ద ఇల్లుంటే అదే మంచి జీవితం.

వాస్తవం: ఇది ఇంటింటికీ మారే లెక్క. మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉన్నప్పుడు మా అమ్మ ఓక్ ట్రీ రోడ్డు దుకాణాలకు నడిచి వెళ్లి కూరగాయలు తెచ్చేది. ఇక్కడ డల్లాస్ దగ్గరి ఫ్రిస్కోలో ఆవిడకు విడిగా ఒక గదీ, దాని కిటికీలోంచి కనబడే పెరడూ ఉన్నాయి. మేము ఆఫీసు నుంచి వచ్చి కారు తీసేదాకా ఆవిడ గుడికి కూడా వెళ్లలేదు.