కొత్తిమీర కట్టలో కవిత: అపోహలు - వాస్తవాలు

అపోహ: కవిత తట్టాలంటే ఏకాంతం కావాలి, ఏటిగట్టు కావాలి.

వాస్తవం: బస్టాపు చాలు. జేబులో పట్టే చిన్న పుస్తకం ఉంచుకుని రోజుకు మూడు పంక్తులు రాయండి: కంటపడిన ఒక వస్తువు, చెవినపడిన ఒక మాట, తగిలిన ఒక వాసన. విన్న మాటను అక్కడికక్కడే, ఉన్నదున్నట్టు రాసుకోవాలి. ఇంటికెళ్లాక రాద్దామనుకుంటే మాట జారిపోయి తాత్పర్యం మిగులుతుంది.

అపోహ: మనసు కదిలితే చాలు, కవిత దానంతటదే వస్తుంది.

వాస్తవం: ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. రైతుబజారులో మిట్టమధ్యాహ్నం కొత్తిమీర అమ్మే అవ్వను చూస్తాం. జాలేస్తుంది. "పాపం అవ్వ, ఎంత కష్టం" అని రాసేస్తాం. అందులో అవ్వ లేదు, మన జాలే ఉంది. మళ్లీ చూడండి. కట్టలు వాడిపోకుండా తడిపిన గోనెపట్టా కప్పింది, ఉండుండి నీళ్లు చిలకరిస్తోంది. తన నెత్తిన మాత్రం చీర కొంగే. సరుక్కి దొరికిన చలువ మనిషికి దొరకలేదు. ఆ పొసగనితనమే కవితకు ఊపిరి.

దీన్ని నానీలో పెట్టి చూద్దాం. ఆచార్య ఎన్.గోపి తెచ్చిన ఈ ప్రక్రియలో నాలుగు పాదాలు, మొత్తం 20 నుంచి 25 అక్షరాలు. మొదటి రెండు పాదాల్లో ఒక భావం, తర్వాతి రెండింట్లో దాన్ని పూరించేదో మలుపు తిప్పేదో మరొకటి.

కొత్తిమీరకు
తడి గోనె నీడ
అమ్మే అవ్వకు
కొంగే గొడుగు

ఇందులో 21 అక్షరాలు. వత్తులు, సున్నలు విడిగా లెక్కకు రావు. "పాపం" అన్న మాట చదివేవాళ్ల నోట రావాలి. మనమే ముందు అనేస్తే వాళ్లకు మిగిలేదేమీ ఉండదు.

అపోహ: గంభీరమైన పదాలుంటేనే కవిత్వం.

వాస్తవం: వేమన ఉప్పునూ కప్పురాన్నీ పక్కపక్కన పెట్టాడు. చూపుకు ఒకటే, రుచి వేరు. అందరి ఇళ్లలో ఉండే వస్తువులతోనే మనుషుల మధ్య తేడా చెప్పేశాడు. "కొసరు" అంటే కట్ట మీద ఇంకో రెండు రెమ్మలు వేసే చెయ్యి కనిపిస్తుంది. "అదనం" అంటే కనిపించదు.

అపోహ: రాసుకున్న రోజే కవిత పూర్తవ్వాలి.

వాస్తవం: వారం ఆగి పుస్తకం తిరగేయండి. ఇంకా గుచ్చుకునే పంక్తులు రెండో మూడో ఉంటాయి. వాటిలో ఒకదానికొకటి సంబంధం లేని రెండింటిని జతచేసి చూడండి: సోమవారం చూసిన సొట్టబిందె, గురువారం విన్న "మళ్లీ వస్తాలే". అతకకపోతే బలవంతం చేయకండి. పుస్తకంలోనే ఉండనివ్వండి, ఇంకో వారం చూద్దురుగాని.