కాలిన లోహం మీద నీటిబొట్టు: అపోహలు - వాస్తవాలు

దోశ పెనం కాలిందో లేదో చూడటానికి నాలుగు నీటిచుక్కలు చిలకరిస్తాం కదా. చుయ్‌మని ఇగిరిపోతే పిండి వేయొచ్చు. ముత్యాల్లా గుండ్రంగా మారి పెనమంతా పరుగులు పెడితే మంట తగ్గించాలి. నా ఉద్యోగమూ దాదాపు ఇదే, కాకపోతే నా పెనం 850 డిగ్రీల ఉక్కు. హీట్ ట్రీట్‌మెంట్ షాపులో క్వెంచింగ్ చూస్తాను, అంటే కాలిన ఉక్కును ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరచడం. కొత్త కుర్రాళ్లే కాదు, డ్రాయింగులు పంపే ఇంజినీర్లు కూడా ఈ విషయంలో పొరబడుతుంటారు.

అపోహ: లోహం ఎంత కాలితే బొట్టు అంత త్వరగా ఆవిరవుతుంది.

వాస్తవం: ఒక హద్దు వరకే. అది దాటితే బొట్టు అడుగున పుట్టిన ఆవిరే దానికి పరుపవుతుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండకపోవచ్చు. కానీ ఆవిరి గుండా వేడి సరిగ్గా సాగదు, అందుకే బొట్టు అలా తేలుతూ బతికిపోతుంది. 1756లో లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు ఎర్రగా కాల్చిన ఇనప గరిటెలో వేసిన బొట్టు దాదాపు అర నిమిషం నిలిచింది. గరిటె చల్లబడ్డాక వేసిన బొట్లు అంతకంటే ముందే మాయమయ్యాయి!

మాకు ఇది వింత కాదు, తలనొప్పి. ఒకసారి ఓ షాఫ్ట్‌ను నీళ్లలో ముంచి తీస్తే హార్డ్‌నెస్ ఒకచోట సరిగ్గా ఉంది, పక్కనే మెత్తగా ఉంది. ఆవిరి పొర అక్కడ ఎక్కువసేపు అంటుకుని ఉండిపోయింది. తప్పు నాదే, తొట్టిలో నీళ్లు సరిగ్గా కదులుతున్నాయో లేదో చూసుకోలేదు. ఉప్పునీళ్లు వాడేదీ ఇందుకే. ఉప్పు స్ఫటికాలు లోహం మీద చేరి ఆ పొరను చెదరగొడతాయి.

అపోహ: నీటికి లైడెన్‌ఫ్రాస్ట్ ఉష్ణోగ్రత (బొట్టు తేలడం మొదలయ్యే వేడి) ఇంత అని ఒకే అంకె ఉంటుంది.

వాస్తవం: ఉండదు. నున్నటి లోహం మీద సుమారు 200 డిగ్రీలు అంటారు. బొట్టు పడే వేగం, లోహం రకం, ఉపరితలం గరుకు, వీటిలో ఏది మారినా అంకె మారుతుంది.

అపోహ: ఉపరితలం గరుకుగా ఉంటే చాలు, త్వరగా చల్లబడుతుంది.

వాస్తవం: నన్ను ఎక్కువగా విసిగించేది ఇదే. గరుకు అంటే ఎలాంటి గరుకు? ఎత్తెంత, ఎడమెంత? ఆవిరి పక్కలకు జారిపోవడానికి దారి ఉండి, లోహపు మొనలు నీటిని తాకుతుంటే వేడి బాగా లాగుతుంది. 2022లో హాంకాంగ్ సిటీ యూనివర్సిటీ వాళ్లు ఇదే సూత్రాన్ని చివరిదాకా తీసుకెళ్లారు. వేడిని పైకి తెచ్చే ఉక్కు స్తంభాలు, వాటి మధ్య నీటిని పీల్చుకునే పొర, ఆ పొర కింద ఆవిరి బయటికి పోవడానికి కాలువలు. 1150 డిగ్రీల దగ్గర కూడా బొట్టు తేలలేదు.

ఇక రెండో వైపు చూడండి. అమెరికాలో వర్జీనియా టెక్ వాళ్లు 0.08 మిల్లీమీటర్ల ఎత్తున్న సన్నటి స్తంభాలను 0.12 మిల్లీమీటర్ల ఎడంతో నిలబెట్టారు. అవి బొట్టులోకి దిగబడి లోపలికే వేడిని చేరవేయడంతో 130 డిగ్రీలకే బొట్టు ఎగిరిపడింది. స్తంభాలు రెండు చోట్లా ఉన్నాయి, ఫలితాలు మాత్రం ఒకదానికొకటి ఎదురు. అందుకే డ్రాయింగ్ మీద ‘రఫ్ ఫినిష్’ అని మాత్రమే రాసి పంపితే నాకు టెన్షన్.

అపోహ: తేలుతున్న బొట్టు ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు.

వాస్తవం: నున్నటి పలక మీద నిజమే. రంపపు పళ్లలా ఒకవైపుకు వాలిన గాడులు తీస్తే మాత్రం కాదు. అడుగు నుంచి తప్పించుకునే ఆవిరి ఆ పళ్ల వాలు వల్ల ఎక్కువగా ఒకే దిక్కుకు పారి, బొట్టును తనతో లాక్కుపోతుంది. 2006లో ఒరెగాన్ విశ్వవిద్యాలయం వాళ్లు దీన్ని కొలిచి చూపించారు. సెకనుకు కొన్ని సెంటీమీటర్ల వేగం. మా షాపులో మిల్లింగ్ మెషిన్ మీద అలాంటి గాడులు తీసిన ఇత్తడి పలక ఒకటుంది. ట్రైనీలు చేరిన రోజు దాన్ని కాల్చి, ఒక చివర కాస్త ఎత్తి పెట్టి, పల్లంలో చుక్క వేస్తాను. చుక్క మెరక ఎక్కుతుంటే, ‘సార్, ఇంకోటి వేయండి’ అంటారు.