లేత వయసు గుమ్మడి

అమెరికాలో సొరకాయ దొరకని ఊళ్లలో మనవాళ్లు కీరదోసలా కనిపించే జుకినీతోనే పప్పు వండేస్తుంటారు. రుచి మరీ పరాయిగా ఏమీ ఉండదు. అదీ సొర, బీరల కుటుంబంలోదే. అక్కడ దాన్నీ, దానిలాంటి మరికొన్నింటినీ కలిపి సమ్మర్ స్క్వాష్ అంటారు.

వీటిలో దాదాపు అన్నీ కుకుర్బిటా పెపో అనే ఒకే జాతివి. హాలోవీన్‌కి ముఖాలు చెక్కే గుమ్మడికాయా ఆ జాతిదే! తేడా అంతా కోసే వయసులో ఉంది. గుమ్మడిని తొక్క గట్టిపడేదాకా తీగకే వదిలేస్తారు, అందుకే నెలల తరబడి నిలవుంటుంది. జుకినీని పువ్వు పూసిన వారంలోపే, గోరు సులువుగా దిగేటప్పుడే తెంపుతారు. తొక్క, గింజలతో సహా తినేయొచ్చు. ఆకుల చాటున నాలుగు రోజులు కనపడకుండా ఉందంటే మాత్రం ఊరిపోయి, గింజ ముదిరిపోతుంది.

పచ్చ జుకినీ రూపుదిద్దుకుంది ఇటలీలో, 19వ శతాబ్దం చివర్లో, మిలాన్ పరిసరాల్లో. పశ్చిమాసియాలో కూసా అనే పొట్టి, లేతాకుపచ్చ రకాన్ని తొలిచి, బియ్యం, మాంసం కూరి వండుతారు. క్రుక్‌నెక్ అనే రకం పసుపు రంగులో, మెడ వంకరతో ఉంటుంది. పాటీపాన్ అనే రకం చుట్టూ అలలు తిరిగిన అంచుతో పొట్టి బొంగరంలా ఉంటుంది. చూడ్డానికి నాకైతే అదే ముద్దొస్తుంది.

బజార్లో పక్కపక్కనే ఉన్నా వీటి పుట్టిళ్లు వేరు. జుకినీ మూలం మెక్సికో. అక్కడ ఓహాకా ప్రాంతంలోని గిలా నకిట్జ్ గుహలో దొరికిన సాగు గింజలకు దాదాపు 10,000 ఏళ్లు. అంటే మొక్కజొన్న కన్నా పాత పంట. క్రుక్‌నెక్, పాటీపాన్‌ల పూర్వీకులను తూర్పు ఉత్తర అమెరికా ప్రజలు విడిగా మచ్చిక చేశారు.

అడవి కాయల కండ కటిక చేదు. కుకుర్బిటాసిన్ అనే విషపదార్థాల వల్ల వచ్చే చేదది. తరతరాలుగా చేదులేని కాయల గింజలే ఏరి నాటడంతో అది పోయింది. కానీ పెరట్లో జుకినీ పక్కనే అలంకరణ గుమ్మళ్లు పెంచితే తేనెటీగలు పుప్పొడి కలిపేస్తాయి. ఆ ఏడాది కాయకు ఏమీ కాదు, దాని కండ తల్లి మొక్కదే కదా. గింజలు దాచి మరుసటి ఏడాది నాటితేనే చిక్కు, ఆ కాయల్లో చేదు తిరిగి రావచ్చు. 2015లో జర్మనీలో ఇంట్లో పండిన చేదు జుకినీ తిని ఒకాయన చనిపోయారు. ఆ చేదు ఉడికించినా పోదు. చేదు సొరకాయలోనూ ఉండేది ఈ కుకుర్బిటాసిన్లే. అందుకని ఇంటి గింజతో పండిన కాయైతే, కూరలో వేసేముందు చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి. చేదు తగిలితే ఉమ్మేసి, కాయ పారేయండి.